మందు మనిషికి, రోగం గల్లీకి

వానాకాలం మొదలై నెల కూడా కాలేదు. రెండేళ్ల బిడ్డకి అప్పుడే మూడోసారి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరు చూసి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు రాసిచ్చారు. "నీళ్లు కాచి చల్లార్చి పట్టమ్మా, చేతులు సబ్బుతో కడుక్కో" అని చెప్పి పంపించారు. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. పిల్లల విరేచనాలకి ఇంతకంటే మంచి వైద్యం ఇంకా రాలేదు. ఓఆర్‌ఎస్ వల్ల బతికి బయటపడ్డ పిల్లల లెక్క కోట్లలో ఉంటుంది. అయినా నెల తిరక్కుండా ఆ తల్లి మళ్లీ అదే బిడ్డని ఎత్తుకుని అదే క్యూలో నిలబడుతుంది.

చెప్పిన మాట వినలేదు కాబట్టే మళ్లీ వచ్చింది అనుకోవడం తేలిక. చాలామంది అలాగే అనుకుంటారు కూడా. ఒక్కసారి ఆమె ఇంట్లో నిలబడి లెక్క వేసి చూద్దాం.

ఏదో ఒక పెద్ద నగరం, అందులో ఒక బస్తీ. ఒకే గది, ఐదుగురు మనుషులు. కుళాయి వీధి మొదట్లో ఉంది. రోజు విడిచి రోజు, ఒక గంటసేపు నీళ్లు వస్తాయి. తాగడానికి, వంటకి, స్నానానికి, బట్టలకి, గిన్నెలకి కలిపి మనిషికి రోజుకి 50 లీటర్లయినా లేకపోతే ఆరోగ్యానికి ఇబ్బందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఐదుగురికి 250 లీటర్లు. నీళ్లు రాని రోజుకి కూడా పట్టి పెట్టుకోవాలి కాబట్టి 500. 20 లీటర్ల బిందెతో 25 సార్లు తిరగాలి. అర టన్ను బరువు, ఒక్క గంటలో, వెనక ఇంకా ఎంతోమంది క్యూ కట్టి ఉండగా. ఇది ఎవరి వల్లా అయ్యే పని కాదు. పది బిందెలు తెచ్చుకోగలిగితే గొప్ప. అంటే రెండు రోజులకి 200 లీటర్లు, మనిషికి రోజుకి 20.

ఈ 20 లీటర్లలో ఏది తగ్గిస్తారు? తాగే నీళ్లు తగ్గించలేరు. వంట మానలేరు. కాబట్టి చంటిబిడ్డని కడిగిన తర్వాత చేతులు కడుక్కోవడం తగ్గుతుంది, గిన్నె రెండోసారి తొలవడం తగ్గుతుంది, స్నానం తగ్గుతుంది. సబ్బు ఇంట్లోనే ఉంటుంది, నీళ్లే చాలవు. "చేతులు కడుక్కో" అన్న డాక్టరు గారి మాట నిజానికి ఆమెతో చెప్పాల్సింది కాదు, కుళాయి వేయాల్సిన వాళ్లతో చెప్పాల్సింది.

ఇంతకీ ఆ కుళాయి నీళ్లే మంచివి కాకపోవచ్చు. పైపులో ఎప్పుడూ నీళ్లు నిండుగా ఉంటే లోపలి ఒత్తిడి బయటికి తోస్తూ ఉంటుంది. పైపుకి చిన్న పగులు ఉన్నా నీళ్లు బయటికి కారతాయే తప్ప బయటి మురుగు లోపలికి రాదు. సరఫరా ఆపేసిన గంటల్లో ఆ ఒత్తిడి పోతుంది. పైపు ఖాళీ అవుతుంది. పక్కనే పారే మురుగు అదే పగులులోంచి లోపలికి చేరుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదట వచ్చేది ఆ కలిసిన నీళ్లే. ఫిల్టర్ ప్లాంటులో ఎంత శుభ్రం చేసి పంపినా, గంటల తరబడి ఎండిపోయే పైపు ఆ శ్రమంతా పాడు చేస్తుంది.

ఆ తర్వాత డ్రమ్ము సంగతి. నీళ్లు రోజూ రావు కాబట్టి ప్రతి ఇంట్లో ఒక డ్రమ్ము ఉంటుంది. దానిలో చెంబు ముంచుతారు, చెంబుతో పాటు వేళ్లూ మునుగుతాయి. డెంగీ మోసే ఈడిస్ దోమకి ఇలాంటి డ్రమ్ములంటే మహా ఇష్టం. నీటి గీతకి కాస్త పైన, లోపలి గోడకి గుడ్లు అంటిస్తుంది. కంటికి అవి నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి, చాలామంది మురికి అనుకుంటారు. నీళ్లు అయిపోయి డ్రమ్ము ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు పోసి అవి మునగగానే పొదుగుతాయి, వారం పది రోజుల్లో దోమలై ఎగిరిపోతాయి. నీళ్లు పారబోస్తే చాలదు, లోపలి గోడని గట్టిగా రుద్ది కడగాలి. దానికి కూడా నీళ్లే కావాలి. విరేచనాలూ, డెంగీ రెండు వేరు వేరు జబ్బులని పుస్తకాల్లో ఉంటుంది. ఈ ఇంట్లో మాత్రం రెండూ ఒకే చోటి నుంచి వస్తున్నాయి: రోజు విడిచి రోజు వచ్చే నీళ్ల నుంచి.

మందు మనిషికి ఇస్తున్నాం, రోగం ఆ గల్లీలోనే ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. మిగతాదంతా అది ఎందుకు ఇలా ఉంది, ఎక్కడెక్కడ మారింది అన్న వివరం.

ఏది బస్తీ?

"మురికివాడ" అనే మాట నాకు నచ్చదు. మురికి అక్కడి మనుషులు చేసుకున్నది అన్నట్టు ఉంటుంది ఆ మాట. అక్కడ ఉండేవాళ్లు తమ చోటుని ఎప్పుడూ అలా పిలవరు. అందుకే బస్తీ అంటున్నాను.

ఐక్యరాజ్య సమితిలో నివాసాల సంగతి చూసే యూఎన్ హ్యాబిటాట్ ఐదు విషయాలు చూస్తుంది. మంచి నీళ్లు అందుతున్నాయా, మరుగుదొడ్డి సరైనది ఉందా, గదికి ముగ్గురికి మించి ఉంటున్నారా, ఇల్లు గట్టిదేనా, ఖాళీ చేయిస్తారన్న భయం లేకుండా ఉండగలరా. వీటిలో ఒక్కటి లేకపోయినా ఆ కుటుంబం బస్తీ కుటుంబం కిందే లెక్క. ఆ లెక్కన ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా ఇలా బతుకుతున్నారు. నగరాల్లో ఉండేవాళ్లలో నలుగురిలో ఒకరు.

ఈ ఐదింటిలో ఆదాయం ప్రస్తావన లేదు, గమనించండి. బస్తీ అంటే పేదవాళ్లు ఉండే చోటు అని మనం అనుకుంటాం. అది సగమే నిజం. పేదవాళ్లు పల్లెల్లోనూ ఉన్నారు. పేదరికానికి తోడు ఇరుకు, ఆ ఇరుకుకి తోడు కాలువలు లేకపోవడం, ఈ మూడూ ఒక చోట కలిస్తే వచ్చే ఫలితం వేరుగా ఉంటుంది.

దీనికి నైరోబీ లెక్కలు చూస్తే చాలు. 2000లో అక్కడి బస్తీల్లో ఒక సర్వే చేశారు. పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఐదేళ్లు నిండకుండా చనిపోయేవాళ్లు నైరోబీ నగరం మొత్తం మీద 62 మంది. కెన్యా పల్లెల్లో 113 మంది. నైరోబీ బస్తీల్లో 151 మంది. దేశంలోకెల్లా పెద్ద ఆసుపత్రులు ఉన్న నగరంలో, వాటికి కాస్త దూరంలో పుట్టిన పిల్లలు, ఆసుపత్రే లేని పల్లెల్లో పుట్టిన పిల్లల కంటే ఎక్కువగా చనిపోయారు. నగరం సగటు 62 అని ఒక్క అంకె వేసి ఊరుకుంటే ఈ 151 ఎవరికీ కనిపించదు. బస్తీ ఆరోగ్యం గురించి మనకి తెలిసింది తక్కువ కావడానికి ఇదొక పెద్ద కారణం. అధికారిక లెక్కల్లో బస్తీ పిల్లలూ మేడల్లో పిల్లలూ "పట్టణ పిల్లలు" అనే ఒకే గడిలో పడిపోతారు.

పల్లె కంటే బస్తీ ఎందుకు అధ్వాన్నం? పల్లెలో నాలుగు కుటుంబాల మలం ఎకరాల మేర పడుతుంది, ఎండకి ఎండుతుంది, మట్టిలో కలుస్తుంది. అదే అలవాటుతో వందల కుటుంబాలు ఒక చిన్న దిబ్బ మీద ఉంటే ఎండడానికి చోటే ఉండదు. అది కాలువలోకి, కాలువలోంచి గుమ్మం ముందుకి, అక్కడి నుంచి పాకే పిల్లాడి చేతికి వస్తుంది. మీ ఇంట్లో మరుగుదొడ్డి కట్టుకున్నా, పక్కింటి మురుగు మీ గుమ్మం ముందు నుంచే పారుతుంటే మీ బిడ్డకి వచ్చే రక్షణ కొంచెమే.

ఇది నా ఊహ కాదు. మొజాంబిక్ రాజధాని మపుటోలో ఇరుకు బస్తీల్లో కొన్ని కుటుంబాలు కలిసి వాడుకునే మరుగుదొడ్లని మంచివిగా మార్చి, పిల్లల కడుపులో రోగక్రిములు తగ్గాయా లేదా అని పరిశోధకులు చూశారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ మరుగుదొడ్లు వచ్చాక పుట్టిన పిల్లల్లో మాత్రం కొన్ని క్రిములు తగ్గాయి. చుట్టూ ఉన్న మురుగు అలాగే ఉండగా, ఒక్క మరుగుదొడ్డి అంతకంటే ఏం చేయగలదు?

బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరం దీనికి రెండో వైపు. అక్కడ 1990ల చివర్లో నగరమంతటా మురుగు పైపులు వేసే పని పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. ఆ పైపులకి కలిసిన ఇళ్లు దాదాపు 26 శాతం నుంచి 80 శాతానికి పెరిగాయి. మూడేళ్లలోపు పిల్లల్లో విరేచనాలు నగరం మొత్తం మీద 20 శాతానికి పైగా తగ్గాయి. ముందు ఎక్కడ జబ్బు ఎక్కువగా ఉండేదో అక్కడ 40 శాతానికి పైగా తగ్గాయి. ఎవరి ఇంటికీ వెళ్లి చేతులు కడుక్కోమని చెప్పక్కర్లేకుండా వచ్చిన ఫలితం ఇది.

పాత నగరాల అనుభవం

ఇప్పుడు శుభ్రంగా కనిపించే యూరప్ నగరాలు ఒకప్పుడు ఎలా ఉండేవో మనం మర్చిపోతున్నాం. 1842లో ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి బ్రిటన్ కార్మికుల జీవన పరిస్థితుల మీద ఒక నివేదిక ఇచ్చాడు. అందులో లివర్‌పూల్ నగరంలో చనిపోయినవాళ్ల సగటు వయసు వేశాడు. డబ్బున్న కుటుంబాల వాళ్లకి 35, వ్యాపారస్తులకి 22, కూలీలకి 15. ఆ 15 చూసి అందరూ 15 ఏళ్లకే పోయేవారని అనుకోకూడదు. పసిపిల్లల చావులు అన్నన్ని ఉండటం వల్ల సగటు అంత కిందికి పడిపోయింది. అదే నివేదికలో రట్‌లాండ్ అనే పల్లె ప్రాంతంలో కూలీల సగటు 38. నగరంలో డబ్బున్న మనిషి కంటే పల్లెలో కూలి మనిషే ఎక్కువ కాలం బతికాడు! నైరోబీలో 2000లో కనిపించింది లివర్‌పూల్‌లో 1842లోనే కనిపించింది.

చాడ్విక్‌కి క్రిముల గురించి తెలియదు. చెడు వాసన వల్ల జబ్బులు వస్తాయని నమ్మాడు. కారణం తప్పు, అయినా మురుగు బయటికి పోవాలన్న పరిష్కారం సరైనది. అయితే ఆ మురుగుని తీసుకెళ్లి జనం తాగే థేమ్స్ నదిలోనే కలిపారు. కలరా ఇంకా పెరిగింది. ఒక గల్లీని శుభ్రం చేసి ఇంకొకరి నీళ్లలో ఆ మురుగు కలిపితే రోగం చోటు మారుతుందే తప్ప పోదు.

1892లో జర్మనీలోని హాంబర్గ్‌లో కలరా వచ్చి 8,600 మందికి పైగా చనిపోయారు. దాన్ని ఆనుకునే ఆల్టోనా అనే ఇంకో పట్టణం ఉంది. ఒకే వీధికి ఒకవైపు హాంబర్గ్, ఒకవైపు ఆల్టోనా. రెండూ ఎల్బ్ నది నీళ్లే తాగేవి. ఆల్టోనా దిగువన ఉంది కాబట్టి హాంబర్గ్ మురుగు కలిసిన నీళ్లే దానికి దక్కేవి. కానీ ఆల్టోనా ఆ నీళ్లని ఇసుక గుండా వడకట్టి ఇచ్చేది, హాంబర్గ్ అలాగే వదిలేది. కలరా ఆ వీధి మధ్య గీత దగ్గర ఆగిపోయింది. హాంబర్గ్ హద్దులోనే ఉన్నా ఆల్టోనా నీళ్లు వచ్చే ఇళ్లు కొన్ని ఉంటే, అవి కూడా బయటపడ్డాయి. అటూ ఇటూ ఉన్నవాళ్ల అలవాట్లూ తిండీ ఒకటే. తేడా పైపులో ఉంది.

నేల, గోడ, కప్పు

నీళ్ల గురించి అందరూ మాట్లాడతారు, ఇంటి నేల గురించి ఎవరూ మాట్లాడరు. నాకు ఈ విషయంలో బాగా గుర్తుండిపోయింది మెక్సికో అనుభవం. 2000లో కోవహీలా రాష్ట్రంలో మట్టినేల ఉన్న ఇళ్లకి ప్రభుత్వమే సిమెంటు నేల వేయించడం మొదలుపెట్టింది. ఇంటివాళ్లు సామాను బయట పెట్టి నేల చదును చేసి ఉంచితే చాలు, లారీలో కలిపిన సిమెంటు వచ్చేది. టొర్రియోన్ నగరం ఆ రాష్ట్రంలో ఉంది. దాని జంట నగరం గోమెజ్ పలాసియో పక్క రాష్ట్రంలో ఉంది, అక్కడ ఈ పథకం లేదు. పరిశోధకులు రెండిటినీ పోల్చి చూశారు. ఇల్లంతా మట్టి నుంచి సిమెంటుకి మారితే పిల్లల కడుపులో పరాన్నజీవులు 78 శాతం, విరేచనాలు 49 శాతం, రక్తహీనత 81 శాతం తగ్గుతాయని తేల్చారు. తల్లుల్లో దిగులు, టెన్షన్ కూడా తగ్గాయి.

నేలకీ రక్తానికీ సంబంధం ఏమిటి? పిల్లలు నేల మీద పాకుతారు, ఆ చేయి నోట్లో పెట్టుకుంటారు. మట్టిలో ఉండే నులిపురుగుల గుడ్లు, ఇతర క్రిములు కడుపులోకి పోతాయి. కొంకి పురుగు పిల్ల అయితే నేరుగా పాదం చర్మంలోంచే దూరుతుంది. పేగు గోడని పట్టుకుని రక్తం పీలుస్తుంది. బిడ్డకి ఐరన్ సిరప్ పోస్తూ ఉంటాం, పురుగు తాగుతూ ఉంటుంది. మట్టినేలని ఎంత ఊడ్చినా మట్టే మిగులుతుంది. సిమెంటు నేల మీద తడిగుడ్డ వేస్తే పోతుంది.

క్రిములు పదే పదే లోపలికి పోతుంటే పేగుకి ఇంకో నష్టం జరుగుతుంది. పేగు లోపలి గోడ మీద సన్నటి వేళ్లలాంటివి లక్షల కొద్దీ ఉంటాయి. తిన్నదాంట్లోని సారం పీల్చేవి అవే. అవి అరిగి పొట్టివైపోతాయి. బిడ్డకి జ్వరం ఉండదు, విరేచనాలూ ఉండవు, చూడటానికి బాగానే ఉంటుంది. తిన్నది మాత్రం ఒంటబట్టదు, ఎత్తు పెరగదు. "ఎంత పెట్టినా ఒళ్లు చేయడం లేదు" అని తల్లి అంటే నమ్మండి, ఆమె నిజంగానే పెడుతోంది.

ఇక గాలి. టీబీ గాలి ద్వారా వస్తుంది. ఒక గదిలో ఆరుగురు పడుకుంటారు, ఒకరు రాత్రంతా దగ్గుతారు. మూడు వైపులా పక్కవాళ్ల గోడలే కాబట్టి కిటికీకి చోటు లేదు. ఉన్న ఒక్క తలుపూ దోమల భయానికో దొంగల భయానికో మూసేస్తారు. ఆ ఎనిమిది గంటలూ అందరూ పీల్చేది ఒకే గాలి. రాబర్ట్ కోచ్ టీబీ క్రిమిని 1882లో కనిపెట్టాడు, దాని మీద పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ దొరకలేదు. ఇంగ్లండులో టీబీ చావులు మాత్రం ఆ మందు రాక ముందే దశాబ్దాల తరబడి తగ్గుతూ వచ్చాయి. అందులో ఇంటి వాటా ఎంత, తిండి వాటా ఎంత అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మందు వాటా కాదని మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

ఇల్లు పక్కాది అయినంత మాత్రాన గాలి వస్తుందనీ లేదు. ముంబైలో బస్తీలు ఖాళీ చేయించి కట్టిన కొన్ని పునరావాస భవనాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయంటే, కింది అంతస్తుల్లో పగలే లైటు వేసుకోవాలి. ఎండా గాలీ సోకని ఆ అంతస్తుల్లో టీబీ ఎక్కువగా కనిపించింది. రేకుల గుడిసె పోయి సిమెంటు గది వచ్చింది, పీల్చే గాలి మాత్రం అదే.

రేకుల కప్పు సంగతి ఎండాకాలంలో తెలుస్తుంది. పగలంతా కాగిన రేకు కింద రాత్రి కూడా ఒళ్లు చల్లబడదు. వడదెబ్బ పగలు బయట తిరిగేవాళ్లకే అనుకుంటాం గానీ, రాత్రి కోలుకోలేకపోవడమే ముసలివాళ్లని, బీపీ ఉన్నవాళ్లని ఎక్కువగా దెబ్బతీస్తుంది.

ఆడవాళ్లు తాగని నీళ్లు

ఇంట్లో మరుగుదొడ్డి లేకపోతే ఆడపిల్లలు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. రాత్రి బయటికి వెళ్లాల్సి వస్తుందని భయం. మూత్రం బిగబట్టుకోవడం వల్ల ఇన్ఫెక్షన్లు, నీళ్లు తక్కువై తలనొప్పులు, మలబద్ధకం. గర్భంతో ఉంటే ఈ ఇన్ఫెక్షన్ల వల్ల నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం కూడా ఉంది. ఇవేవీ "మరుగుదొడ్డి లేకపోవడం" అనే పేరుతో ఆసుపత్రి రికార్డులో ఎక్కవు.

సామూహిక మరుగుదొడ్డి ఉన్నా అందరూ తాకే తలుపు గడియ ఒకటే, అందరూ నిలబడే క్యూ ఒకటే. కోవిడ్ మొదటి ఏడాది జూలైలో ముంబైలో మూడు వార్డుల్లో రక్తపరీక్షలు చేస్తే, బస్తీల్లో ఉన్నవాళ్లలో 57 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి వెళ్లిపోయిందని తేలింది. అవే వార్డుల్లో బస్తీల బయట 16 శాతమే. "దూరం పాటించండి" అని ఎంత చెప్పినా, ఆ క్యూలో దూరం ఎక్కడి నుంచి తెస్తారు?

క్లినిక్ టైము, కూలి టైము

బస్తీ అంటే అంటురోగాలే అనుకునే రోజులు పోయాయి. బీపీ, షుగర్, గుండెజబ్బు అక్కడ కూడా ఉన్నాయి. అవి బయటపడేది మాత్రం ఆలస్యంగా. పక్షవాతం వచ్చాక గానీ బీపీ ఉందని తెలియనివాళ్లు ఎందరో. ప్రభుత్వ క్లినిక్ తెరిచే వేళా, రోజుకూలీ పనికి పోయే వేళా ఒకటే కావడం దీనికి ముఖ్య కారణం. ఉచిత వైద్యం అంటాం గానీ, చూపించుకోవాలంటే ఆ రోజు కూలి పోతుంది. ఒంట్లో బాగానే ఉన్నట్టున్న మనిషి కూలి వదులుకుని బీపీ చూపించుకోవడానికి వస్తాడా? అందుకే రాత్రి తొమ్మిదింటికి తెరిచి ఉండే, చదువు లేని డాక్టరు దగ్గరికే వెళతారు. ఆయన రెండు రోజుల యాంటీబయాటిక్ ఇస్తాడు, నొప్పి తగ్గుతుంది, కోర్సు పూర్తి కాదు, క్రిమి మొండిదవుతుంది. ఆ మొండి క్రిమి తర్వాత నగరమంతా తిరుగుతుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా క్లినిక్ తెరిచి ఉంచడం కంటే తేలికైన, చవకైన మార్పు బస్తీ వైద్యంలో ఇంకోటి నాకు కనిపించదు.

పైపు ఎందుకు రాదు?

ఇంత తెలిసి కూడా పైపు ఎందుకు వేయరు? డబ్బు లేక అనుకుంటాం. బస్తీవాళ్లు నీళ్లకి డబ్బు కట్టలేరనీ అనుకుంటాం. నిజం ఏమిటంటే ప్రపంచంలో చాలా నగరాల్లో ట్యాంకర్ల దగ్గర, క్యాన్ల వాళ్ల దగ్గర లీటరు లెక్కన కొనుక్కునే బస్తీ కుటుంబం, కుళాయి ఉన్న మేడ కుటుంబం కంటే లీటరుకి ఎన్నో రెట్లు ఎక్కువ కడుతోంది.

అడ్డం పడేది ఎక్కువగా కాగితం. బస్తీ కాలువ గట్టునో, రైలు పట్టాల పక్కనో, కొండ వాలులోనో, చెత్త దిబ్బ అంచునో ఉంటుంది. ఆ నేల ఎవరిదో తేలి ఉండదు. పట్టా లేని చోట పైపు వేస్తే వాళ్లని గుర్తించినట్టే అవుతుందని అధికారులు వెనకాడతారు. ఎప్పుడు ఖాళీ చేయిస్తారో తెలియదు కాబట్టి ఇంటివాళ్లు కూడా గోడ లేపరు, నేల వేయించరు. రేపు కూల్చేసే ఇంటికి ఎవరు ఖర్చు పెడతారు? కెన్యాలోని కిబెరా బస్తీలో లక్షల మంది ఉంటున్నా, 2009లో అక్కడి యువకులు తమంతట తాము గీసేదాకా అధికారిక మ్యాపుల్లో ఆ చోటు ఖాళీగానే ఉండేది.

కాగితం వస్తే ఏమవుతుందో అర్జెంటీనాలో అనుకోకుండా తేలింది. 1981లో బ్యూనస్ ఏరీస్ శివార్లలో సుమారు 1,800 కుటుంబాలు ఒక ఖాళీ నేలలో గుడిసెలు వేసుకున్నాయి. అది ప్రభుత్వ భూమి అనుకున్నారు, తీరా చూస్తే ఎందరో ప్రైవేటు యజమానులది. 1984లో ప్రభుత్వం చట్టం చేసి పరిహారం ఇస్తామంది. కొందరు యజమానులు ఒప్పుకున్నారు, కొందరు కోర్టుకెక్కారు. దాంతో ఒకే బస్తీలో కొన్ని ఇళ్లకి పట్టాలు వచ్చాయి, పక్కిళ్లకి రాలేదు. ఇందులో ఆ కుటుంబాల తెలివితేటలు గానీ కష్టం గానీ ఏమీ లేదు, వట్టి అదృష్టం. ఏళ్లు గడిచాక చూస్తే పట్టా వచ్చిన ఇళ్ల గోడలు, కప్పులు బాగుపడ్డాయి. పిల్లలు ఎక్కువ కాలం బడికి వెళ్లారు.

దీనికి సరిగ్గా వ్యతిరేకం 2005లో జింబాబ్వేలో జరిగింది. నగరాల్లో బస్తీలని కొద్ది వారాల్లో కూల్చేశారు. ఇల్లో, బతుకుదెరువో, రెండూనో పోగొట్టుకున్నవాళ్లు దాదాపు ఏడు లక్షల మంది అని ఐక్యరాజ్య సమితి అంచనా వేసింది. టీబీకో, హెచ్‌ఐవీకో రోజూ మందులు వాడుతున్న మనిషి చెల్లాచెదురైతే ఆ మందు ఆగిపోతుంది. కూల్చివేతని మనం భూమి వ్యవహారంగా చూస్తాం, అది వైద్యం మధ్యలో ఆపేయడం కూడా.

మరి మంచి ఇల్లు ఇచ్చి వేరే చోటికి పంపితే? అహ్మదాబాద్‌లో 1987లో బస్తీ మహిళలకి లాటరీ తీసి నగరం అంచున, పాత చోటికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఇళ్లు కేటాయించారు. 14 ఏళ్ల తర్వాత చూస్తే లాటరీ తగిలినవాళ్లలో మూడో వంతు అసలు వెళ్లనే లేదు, ఇంకో మూడో వంతు వెళ్లి వదిలేసి వచ్చేశారు. పనికి దూరం, చుట్టాలకి దూరం. రాత్రి బిడ్డకి జ్వరం వస్తే చేతికి డబ్బు సర్దే పక్కింటామె ఆ కొత్త చోట లేదు. బస్తీలో చెడ్డవి ఎన్నో ఉన్నాయి. పక్కింటామె ఆ జాబితాలో లేదు. ఇల్లు కట్టేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోరు.

ఉన్నచోటే బాగుచేయడం

కరాచీలోని ఒరంగీ బస్తీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే పెద్దాయన మొదలుపెట్టిన పని నాకు వీటన్నిటిలో బాగా నచ్చింది. అక్కడివాళ్లకి ఏం కావాలని అడిగితే డ్రైనేజీ అన్నారు. ప్రభుత్వం వేస్తుందని ఏళ్లుగా చూస్తున్నారు. ఆయన పనిని రెండుగా విడదీశాడు. ఇంట్లో మరుగుదొడ్డి, గల్లీ పైపు, గల్లీలని కలిపే పైపు: ఇవి జనం సొంత డబ్బుతో వేసుకోవచ్చు. నగరం పెద్ద కాలువ, మురుగు శుద్ధి: ఇవి ప్రభుత్వమే చేయాలి. ఇరవై ముప్పై ఇళ్లున్న గల్లీని ఒక యూనిట్‌గా తీసుకున్నారు. గల్లీవాళ్లు తమలోంచి ఒకరిని ఎన్నుకుంటే ఆయన డబ్బు పోగుచేసేవాడు. ఆయన పెట్టిన సంస్థ వాళ్లు వాలు కొలిచి, డిజైన్ గీసి, పరికరాలు ఇచ్చేవారు. ప్రభుత్వ అంచనాలతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చులో, లక్షకి దగ్గరగా ఇళ్లు ఇలా మురుగు పైపులకి కలిశాయి.

తర్వాత ఆ సంస్థని నడిపిన పర్వీన్ రెహమాన్ ఆర్కిటెక్ట్. కరాచీ బస్తీలనీ, వాటి కాలువలనీ, నీళ్లు ఎక్కడ దొంగతనంగా తోడేస్తున్నారో ఆ చోట్లనీ ఇంటింటికీ తిరిగి మ్యాపుల్లోకి ఎక్కించారు. 2013లో ఆమెని కాల్చి చంపారు. బస్తీని మ్యాపులోకి ఎక్కించడం ఎంత పెద్ద పనో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంటికి కుళాయి వస్తే జబ్బులు తగ్గడం ఒక్కటే లాభం కాదు. మొరాకోలోని టాంజియర్‌లో వీధి కుళాయి వాడుతున్న కుటుంబాలకి అప్పు మీద ఇంటి కుళాయి ఇప్పించి చూశారు. వీధి కుళాయి నీళ్లు అప్పటికే మంచివి కావడంతో జబ్బుల్లో తేడా రాలేదు. కానీ రోజులో సమయం మిగిలింది, నీళ్ల దగ్గర ఇరుగుపొరుగుతో గొడవలు తగ్గాయి, మనశ్శాంతి పెరిగింది. ఆ కుటుంబాలు దాని కోసం డబ్బు కట్టడానికి సంతోషంగా ఒప్పుకున్నాయి.

ఇప్పుడు మళ్లీ ఆ తల్లి నిలబడ్డ క్యూ దగ్గరికి వద్దాం. ఓపీ రిజిస్టర్‌లో బిడ్డ పేరు, వయసు, జబ్బు, ఇచ్చిన మందు రాస్తారు. గల్లీ పేరు రాయడానికి గడి ఉండదు, ఉన్నా బస్తీ పేరుతో సరిపెడతారు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చేసింది ఆ గడి నింపడమే. చనిపోయినవాళ్లు ఏ ఇంటివాళ్లో, ఏ పంపు నీళ్లు తాగేవారో ఇల్లిల్లూ తిరిగి అడిగి మ్యాపు మీద గుర్తులు పెట్టాడు. గుర్తులన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుంపుగా పడ్డాయి. ఆ మ్యాపు గీయడానికి ముందే ఆయన ఇచ్చిన వివరాలు చూసి, సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీశారు. క్రిమి ఏమిటో అప్పటికి ఆయనకీ తెలియదు.

మన రిజిస్టర్‌లో కూడా ఆ ఒక్క గడి ఉంటే, ఒకే గల్లీ నుంచి వారంలో నాలుగు విరేచనాల కేసులు వచ్చినప్పుడు నర్సుకి అక్కడికక్కడే కనిపిస్తుంది. ఆ కాగితం నీళ్ల ఇంజనీరుకి వెళ్లాలి. ఆయన వచ్చి ఆ గల్లీ మొదట్లో పైపు తవ్వి పగులు ఎక్కడుందో చూడాలి. బిడ్డ నాలుగోసారి రాకముందే.